ఖాళీ స్వాధీనం

మధ్యాహ్నం రెండున్నరకి
మారతహళ్ళి నాలుగో అంతస్తులో
నా డెస్కు మీద ఇంగ్లండు ఆఫీసులు తెరుస్తారు.
ఎన్నడూ చూడని ఇళ్ళకి
పుట్టుమచ్చలు వెతకడం నా ఉద్యోగం.

ఈసారి ఇల్లు బ్రాడ్‌ఫోర్డు దగ్గర.
రాతి గోడలు, మూడు గదులు, వెనక కాస్త పచ్చిక.
అమ్మేది ప్రెంటిస్ అనే ఒకావిడ, బస్సు నడుపుతుంది.
ఏవి వదులుతారు, ఏవి పట్టుకెళ్తారు అని
మేం పంపిన ఫారంలో
కర్టెను కడ్డీలు ఇంటికి, కర్టెన్లు తనకి.
బల్బులు వదలాలి, అది రూలు.
గులాబీ మొక్క ఎదుట టిక్కు పెట్టి
కొట్టేసి
మళ్ళీ పెట్టింది.
ఆ కొట్టివేత మీద కాసేపు ఆగాను.
దాన్ని రాయడానికి రిపోర్టులో గడి లేదు.

మా నాన్న బంగారుపాళెంలో
రిజిస్ట్రారాఫీసు ఎదుట రేకుల పంచలో
దస్తావేజులు రాసేవాడు.
"నిధి నిక్షేప జల తరు పాషాణ సహితముగా"
ఒక్క ఊపిరిలో అమ్మేసేవాడు.
సెంటున్నర స్థలంలో నిధెక్కడిది నాన్నా అంటే
"ఉంటే? అప్పుడెవడు తిరుగుతాడు కోర్టుకి?"
వాళ్ళు బల్బులు లెక్కపెడతారు.
మేం లేని నిధులు రాసిస్తాం.

పాత పత్రంలో ఒక షరతు దొరికింది:
ఈ స్థలమున సబ్బు కాయరాదు, పందులను పెంచరాదు.
రాసినవాడు పోయాడు, కాయాలనుకున్నవాడూ పోయాడు,
వద్దన్న మాట మాత్రం
నూట ముప్పై ఏళ్ళుగా ఆ గడ్డి కింద మేలుకునే ఉంది.
ఆరో పేరాలో ఎక్కించాను.

అక్కడ సరే అంటే సరే కాదు.
కాగితాలు మార్చుకునేదాకా
ఎవరైనా ఎవరినైనా వదిలేసి పోవచ్చు.
ఐదిళ్ళు, ట్యాంకరు ముందు బిందెల్లా, వరసలో:
ప్రెంటిస్ కొనే ఇల్లు, ఆ ఇంటివాళ్ళు కొనే ఇల్లు...
ఎక్కడో చివర ఒకాయన పెన్ను వెతుక్కుంటున్నాడని
ఐదిళ్ళలోనూ అన్నం గిన్నెలు సగం పెట్టెలో, సగం పొయ్యి మీద.

ఆపింది ఒకసారి నేనే.
పై గదిలో ఆమె తమ్ముడు రోరీ ఉంటాడు.
ఇంట్లో కాపురముండే పెద్దవాళ్ళందరూ
"నాకే హక్కూ లేదు, ఖాళీ చేస్తాను" అని రాసివ్వాలి.
తొమ్మిది రోజులు చేయలేదు.
పదో రోజు వచ్చిన సంతకం
కాగితాన్ని చింపేంత గట్టిగా ఉంది.

శుక్రవారం, వాళ్ళకి పన్నెండు, నాకు ఐదున్నర.
డబ్బు చేరింది. తాళాలు ఇవ్వొచ్చు.
ఖాళీ స్వాధీనం, అని టైపు చేసి
టీకి వెళ్ళాను.

రాత్రి విభూతిపురలో దిగేసరికి
గేటుకి కాగితం. జిగురు ఇంకా తడిగా ఉంది.
ముద్దుహనుమయ్య గారు ఈ ఇంటి మీద తీసుకున్న అప్పు,
కట్టని వాయిదాలు, వేలం తేదీ.
తొమ్మిది లక్షలిచ్చాం లీజుకి, మూడేళ్ళు, అద్దె లేదు,
రెండొందల స్టాంపు కాగితం.
ఆ రోజు ఆయన భార్య ఫిల్టరు కాఫీ ఇచ్చింది,
మేడ మీద గాలి బావుంటుందంది.
గాలి బావుంది. నిజమే.
ఈసీ ఒక్కటి తీయించమని
నా నోటికి రాలేదు.
బ్రాడ్‌ఫోర్డు ఇంటికైతే పదకొండు రకాలు తీయించాను.

ఫోను లైటు వేసి కింద షెడ్యూలు చదివాను, అలవాటు కొద్దీ.
తూర్పున రోడ్డు. పడమర చిక్కతాయమ్మ ఇల్లు.
ఉత్తరాన కాలువ. దక్షిణాన ఖాళీ సైటు.
హద్దులన్నీ సరిగ్గానే ఉన్నాయి.
మధ్యలో ఎవరున్నారో రాయలేదు,
సంతకమూ అడగలేదు.
అడిగితే రోరీలా పది రోజులైనా పట్టించేదాన్ని.

పైకెళ్ళి తలుపు తీశాను.
వంటింటి బల్బు నేను కొన్నదే, నూట ఇరవై.
స్టూలు లాక్కుని ఎక్కి
దాని మీద చెయ్యి వేసి,
పప్పు నానబెట్టలేదని గుర్తొచ్చి
దిగాను.